ముందు పన్నుకి అతుకు ఎలా నిలుస్తుంది?

పై వరసలో సరిగ్గా మధ్యనుండే రెండు పళ్లకి ఎప్పుడూ గండమే. సైకిల్ మీంచి పడినా, స్కూలు మెట్ల మీద జారినా, క్రికెట్ బంతి మూతికి తగిలినా ముందు దెబ్బ తినేవి అవే. పళ్లు కాస్త ఎత్తుగా ఉన్న పిల్లలకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వచ్చిన ఒకటి రెండేళ్లకే ఒక మూల చెక్కలా ఎగిరిపోయిందంటే ఇంట్లో నొప్పి సంగతి తర్వాత, ముందు పుట్టే బెంగ వేరే ఉంటుంది. "ఆడపిల్ల, రేపు పెళ్లీడుకొచ్చాక ఎలా?" అని.

ఒకప్పుడు దీనికి దొరికే జవాబు క్యాప్ ఒక్కటే. పిల్లకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగి, పన్నుని చుట్టూ అరగదీసి, మొండి మీద తొడుగు బిగించేవారు. ఇవాళ అదే పిల్ల గంట సేపట్లో నిండు పన్నుతో ఇంటికి వెళ్తోంది. పన్ను రంగులో ఉండే మెత్తని ముద్దని విరిగిన మూలకి అంటించి, చేత్తో మలిచి, నీలి వెలుగుతో గట్టిపరుస్తారు. చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ అవసరం కూడా రాదు. కాంపోజిట్ బాండింగ్ అంటే ఇదే. విరిగిన మూలలతో పాటు పళ్ల మధ్య సందులకీ, పుట్టుకతోనే చిన్నగా మొలిచిన పక్క పళ్లకీ, అరిగిన అంచులకీ, ఫ్లోరైడ్ మచ్చలకీ కూడా ఇప్పుడు ఇదే పని చేస్తున్నారు.

వినడానికి జిగురు పెట్టి అతికించినంత తేలికగా ఉంటుంది. కానీ జిగురుకి నోటిని మించిన శత్రువు లేదు. ఇరవై నాలుగు గంటలూ తడి. పొగలు కక్కే టీ వెనకే ఐస్‌క్రీమ్. చింతపులుసు, నిమ్మరసం. అన్నిటికీ తోడు నమలడం, కొరకడం. ఇంత అఘాయిత్యం మధ్య పన్నుకి అంటించిన ముక్క ఏళ్ల తరబడి ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే డెంటిస్టు కుర్చీలో దేనికి సరే అనాలో, దేనికి ఆగి ఆలోచించాలో కూడా తెలుస్తుంది.

అంటని పొర

పన్నులో మనకి కనబడే పైపొర ఎనామెల్. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. బరువులో 96 శాతం దాకా ఖనిజమే, కాల్షియం ఫాస్ఫేట్‌తో తయారైన హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలు. ఆ స్ఫటికాలు కట్టలు కట్టలుగా చేరి సన్నని కడ్డీలవుతాయి. ఒక్కో కడ్డీ మందం దాదాపు 5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో రెండువందలో వంతు. ఒక్క పన్నులో ఇలాంటివి లక్షల సంఖ్యలో పక్కపక్కన నిలబడి ఉంటాయి.

ఎనామెల్ కింద డెంటిన్ ఉంటుంది. దాంట్లో ఖనిజం 70 శాతమే, మిగతాది కొల్లాజెన్ అనే ప్రొటీను, నీరు. రంగులో పసుపు, స్వభావంలో కాస్త మెత్తన. దాని నిండా లోపలి నరం వైపు సాగే సన్నని గొట్టాలుంటాయి. చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది వీటి వల్లే.

ఎనామెల్‌కి రెండు లక్షణాలున్నాయి, బాండింగ్ కథంతా వాటి చుట్టూనే నడుస్తుంది. మొదటిది, దాంట్లో బతికున్న కణం ఒక్కటీ లేదు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేలోపే పని ముగించి పోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామెల్ పోతే పోయినట్టే. రెండోది, అది నున్నగా, గట్టిగా, లాలాజలంలోని ప్రొటీన్ల పలచని పొరతో కప్పి ఉంటుంది. దాని మీద రెసిన్ చుక్క వేసి ఎండబెడితే గోరుతో గీకగానే ఊడొస్తుంది.

ఈ రెండో లక్షణం వల్లే 1930ల హాలీవుడ్‌లో ఒక తమాషా ఏర్పాటు నడిచింది. అక్కడి దంతవైద్యుడు చార్లెస్ పింకస్ నటీనటుల కోసం పలచటి తొడుగులు తయారుచేసేవాడు. కెమెరా ముందు పళ్లు ముత్యాల్లా కనబడాలి కాబట్టి ఆ తొడుగుల్ని కట్టుడు పళ్లకి వాడే పొడితో తాత్కాలికంగా అంటించేవారు. షూటింగ్ అయ్యాక తీసేయాల్సిందే. వాటితో భోజనం చేయడం కుదిరేది కాదు. అందం తయారుచేయడం వాళ్లకి తెలుసు, అంటించడమే తెలీదు.

ముప్పై సెకన్ల ఆమ్లం

అంటించే దారి 1955లో దొరికింది. అమెరికాలోని రోచెస్టర్ పట్నంలో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో పనిచేసే మైకేల్ బ్యూనోకోర్ ఒక సంగతి గమనించాడు. కర్మాగారాల్లో లోహపు రేకులకి రంగు వేసే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడుగుతారు, అలా చేస్తే రంగు గట్టిగా పట్టుకుంటుంది. పన్నుకీ అదే చేస్తే? 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్లు పన్ను మీద ఉంచి, కడిగి, ఆరబెట్టి, ఆ చోట అక్రిలిక్ చుక్క వేశాడు. మామూలు పన్ను మీది చుక్క గంటల్లో ఊడిపోయింది. ఆమ్లం తగిలిన పన్ను మీది చుక్క వారాల తరబడి నిలిచింది.

పాత నున్నటి గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ చేసే ముందు మేస్త్రి సుత్తితో గోడంతా గాట్లు పెడతాడు, సిమెంటు ఆ గాట్లలోకి దిగి పట్టుకోవాలని. ఆమ్లం ఎనామెల్ మీద చేసేది అదే పని, కాకపోతే కంటికి కనబడనంత చిన్నగా. ఎనామెల్ కడ్డీల్లో స్ఫటికాలు ఒక్కోచోట ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటాయి కాబట్టి అన్నిచోట్లా ఒకే వేగంతో కరగవు. కొన్నిచోట్ల కడ్డీ నడిమి భాగం ముందు కరుగుతుంది, కొన్నిచోట్ల చుట్టూ ఉండే గట్టు ముందు కరుగుతుంది. పైనుంచి దాదాపు 10 మైక్రాన్ల పొర పోయి, అడుగున లక్షల సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుంటాయి. నీళ్లలా పలచగా ఉండే రెసిన్‌ని అక్కడ రాస్తే అది ఆ రంధ్రాల్లోకి పీల్చుకుపోతుంది. లోపలే గట్టిపడితే ఇక లాగినా రాదు. ఇందులో గుప్త రసాయన బంధమేదీ అక్కర్లేదు, అది లోపల చిక్కుకుపోవడమే పట్టు. సరిగ్గా చేసిన ఎనామెల్ బంధం 20 మెగాపాస్కల్స్ పైచిలుకు బలాన్ని తట్టుకుంటుంది. అంటే చదరపు మిల్లీమీటరు చోటులో రెండు కిలోల బరువు వేలాడదీసినా ఊడదన్నమాట.

పన్ను మీద ఆమ్లం అనగానే ఆనాటి దంతవైద్యులు భయపడ్డారు. ఆ పద్ధతి మామూలు క్లినిక్కుల దాకా రావడానికి పదిహేనేళ్లకి పైగా పట్టింది. ఆ భయంలో పస తక్కువ. ఇప్పుడు వాడే ఆమ్లం 35 నుంచి 37 శాతం, ఉంచేది 15 నుంచి 30 సెకన్లు. పోయే 10 మైక్రాన్లు తలవెంట్రుక మందంలో ఏడో వంతు. రెసిన్ పడకుండా ఖాళీగా మిగిలిన చోట కూడా లాలాజలంలోని ఖనిజాలు మెల్లగా ఆ రంధ్రాల్ని పూడుస్తాయి.

అంటించే మార్గం దొరికాక అంటించాల్సిన వస్తువు కావాలి. అప్పటిదాకా ముందు పళ్లలో నింపే సిలికేట్ సిమెంటు నోట్లో మెల్లగా కరిగేది. అక్రిలిక్ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోయి, అంచుల్లో సందు వదిలి, రంగు మారేది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తున్న రఫేల్ బౌవెన్ దీని మీద పడ్డాడు. చిన్న అణువులు గొలుసులుగా కలిసేటప్పుడు దగ్గరికి జరగడం వల్లే కుంచించుకుపోవడం జరుగుతోంది కాబట్టి, మొదలే పెద్ద అణువుతో ప్రారంభిస్తే జరిగే దూరం తగ్గుతుంది. అలా తయారుచేసిందే బిస్-జీఎంఏ అనే రెసిన్. 1962లో పేటెంటు వచ్చింది. దాంట్లో సన్నగా నూరిన గాజులాంటి సిలికా రేణువుల్ని కలిపి, రేణువుకీ రెసిన్‌కీ మధ్య సిలేన్ అనే రసాయనంతో లంకె వేశాడు. ఈనాటి కాంపోజిట్‌లన్నీ మూలంలో ఆ వంటకమే. ఆ తర్వాతి మార్పులు ఎక్కువగా రేణువు పరిమాణంలో వచ్చాయి. తొలినాళ్ల రేణువులు పెద్దవి, కొన్నాళ్లకి పైన రెసిన్ అరిగి రేణువులు బయటపడి పన్ను గరుకెక్కేది. ఇప్పటి నానో కాంపోజిట్‌లలో ఉండేవి మిల్లీమీటరులో లక్షల వంతు కొలతలో ఉంటాయి. కాంతి తరంగం కంటే చిన్నవి కాబట్టి పాలిష్ చేస్తే ఎనామెల్ మెరుపు వస్తుంది, ఆ మెరుపు చాలాకాలం నిలుస్తుంది.

కుర్చీలో ఆ గంట

పదమూడేళ్ల అమ్మాయి. పై వరస మధ్య పన్ను బయటి మూల విరిగింది. ఎక్స్‌రేలో వేరు బాగుంది, విరిగిన చోట ఎర్రటి చుక్క లేదు, అంటే నరం బయటపడలేదు. డెంటిస్టు మొట్టమొదట చేసే పని రంగు చూడటం. ఇది ముందే చేయాలి. నోరు తెరిచి పది నిమిషాలుంటే పన్ను పైన తడి ఆరి అసలు కంటే తెల్లగా కనబడుతుంది, అప్పుడు రంగు ఎంచితే తప్పుతుంది. ఏ1, ఏ2, బీ1 అని గుర్తులున్న నమూనా పళ్ల వరసని పక్కన పెట్టి చూస్తారు. వీటా అనే జర్మన్ కంపెనీ 1956లో తెచ్చిన పదహారు రంగుల వరస ఇప్పటికీ చాలా క్లినిక్కుల్లో వాడుకలో ఉంది. ఇంకొందరు దాంతో ఆగరు. కాంపోజిట్‌ని ఆవగింజంత తీసి నేరుగా పన్ను మీద పెట్టి, వెలుగుతో గట్టిపరిచి, రంగు కలిసిందో లేదో చూసి, గోటితో తీసేస్తారు. ఆమ్లం పెట్టలేదు కాబట్టి ఇట్టే ఊడొస్తుంది. బ్యూనోకోర్ చెప్పిన సంగతికి ఇంతకంటే తేలికైన రుజువు ఉండదు.

తర్వాత పన్నుని పొడిగా ఉంచే ఏర్పాటు. రబ్బర్ డ్యామ్ అనే సాగే రబ్బరు గుడ్డకి కన్నాలు పెట్టి, పని చేయాల్సిన పళ్లు మాత్రం బయటికి వచ్చేలా తొడుగుతారు. 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన పాత పనిముట్టు ఇది. పేషెంట్లు విసుక్కుంటారు, అయినా దీని విలువ పెద్దది. ఆమ్లం పెట్టి కడిగాక ఒక్క చుక్క ఉమ్మి తగిలినా లాలాజలం ప్రొటీన్లు క్షణాల్లో ఆ రంధ్రాల నోళ్లు మూసేస్తాయి. మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అంటించిన ముక్కలు కొన్ని నెలల్లోనే ఊడిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ తడి ఒకటి.

విరిగిన అంచుని ఏటవాలుగా కొద్దిగా చెక్కుతారు. పట్టుకునే చోటు పెరగడానికీ, అతుకు గీత కనబడకుండా ఉండటానికీ. నీలం రంగు జెల్ పూస్తారు, ఆ రంగు ఆమ్లం ఎక్కడిదాకా వెళ్లిందో కనబడటానికే. కడిగి గాలి ఊదగానే మెరిసే పన్ను ఆ మేరకు సుద్దముక్కలా తెల్లబడుతుంది. ఆ తెలుపు రాకపోతే డెంటిస్టు ముందుకి కదలడు. దాని మీద పలచటి రెసిన్ రాసి, నీలి వెలుగు చూపించి, అప్పుడు కాంపోజిట్ మొదలుపెడతారు.

ఆ నీలి వెలుగుకీ ఒక లెక్క ఉంది. ముద్దలో క్యాంఫర్‌క్వినోన్ అనే లేత పసుపు పదార్థం చిటికెడు ఉంటుంది. అది 468 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని పీల్చుకుని రెసిన్ అణువుల్ని కలిపే ప్రక్రియని రాజేస్తుంది. 1970ల మొదట్లో దీనికి అతినీలలోహిత దీపాలు వాడేవారు, అవి లోతుకి దిగేవి కావు, కంటికీ మంచివి కావు. తర్వాత కంటికి కనబడే నీలికాంతి వచ్చింది, ఇప్పుడు ఎల్ఈడీలు. డెంటిస్టు చేతిలో నారింజ రంగు అద్దం పట్టుకునేది ఆ నీలాన్ని కంట్లో పడకుండా ఆపడానికి. తలపైన లైటులో కూడా నీలికాంతి ఉంటుంది, అందుకే ముద్దని మలిచేటప్పుడు దాన్ని పక్కకి తిప్పుతారు. లేకపోతే ఆకారం కుదరకముందే బిగుసుకుంటుంది.

ముద్దంతా ఒకేసారి పెట్టరు. గట్టిపడేటప్పుడు ఇప్పటి కాంపోజిట్‌లు కూడా ఘనపరిమాణంలో రెండు మూడు శాతం కుంచించుకుపోతాయి. ఎక్కువ మందం ఒకేసారి పెడితే ఆ లాగుడు అంచుల మీద పడి సన్నని తెల్లగీత కనబడుతుంది, లేదా సందు ఏర్పడుతుంది. వెలుగు కూడా రెండు మిల్లీమీటర్లకి మించి బలంగా దిగదు. అందుకే పొరలు పొరలుగా. వెనక వైపు పలచటి పారదర్శక పొర, మధ్యలో డెంటిన్‌లా మసకగా పసుపుగా ఉండే పొర, పైన ఎనామెల్‌లాంటి పొర. చివరికి గరుకు నుంచి నునుపుకి వరసగా నాలుగైదు రకాల బిళ్లలతో పాలిష్.

అద్దం చూశాక అమ్మాయి నవ్వుతుంది, తల్లి మాత్రం దగ్గరికి వచ్చి చూస్తుంది.

"కట్టింది కాస్త ముదురుగా ఉందేమోనండీ, మిగతా పన్ను తెల్లగా ఉంది."

"అది ముదురు కాదమ్మా, మిగతా పన్ను ఆరిపోయి తెల్లబడింది. రేపటికి తడి పీల్చుకుని మామూలవుతుంది. అప్పుడూ తేడా కనబడితే తీసుకురండి."

మర్నాటికి చాలావరకు అదే జరుగుతుంది.

విరిగిన ముక్క దొరికినవాళ్లకి ఇంకా తేలిక దారి ఉంది. దాన్ని పాలలోనో నీళ్లలోనో వేసి డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు అదే ముక్కని అదే పద్ధతిలో తిరిగి అంటిస్తారు. రంగు, ఆకారం వెతుక్కోనక్కర్లేదు. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటే ఎండిపోయి తెల్లబడుతుంది, పట్టు కూడా తగ్గుతుంది.

కంటిని ఒప్పించే లెక్క

ముందు పన్ను విషయంలో బలం సగం పనే, మిగతా సగం కన్ను. పన్ను ఒకే రంగు కాదు. రంగు ఎక్కువగా డెంటిన్‌ది, ఎనామెల్ పైన వెలుగుని చిమ్మే పారదర్శకమైన పొర. అంచు దగ్గర డెంటిన్ ఉండదు కాబట్టి అక్కడ నీలి జీర కనబడుతుంది. తెలుపు ఎంత, పసుపు ఎంత అన్నదాని కంటే వెలుగు ఎంత అన్నది తప్పితేనే కన్ను ముందు పట్టేస్తుంది. అందుకే కొందరు డెంటిస్టులు ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తారు. రంగు తీసేశాక కూడా కలిసిపోతే పని కుదిరినట్టు.

సందుపళ్ల విషయంలో లెక్క మరోరకం. పళ్ల మధ్య సందు ఉంటే అదృష్టమనేవాళ్లున్నారు, వద్దనుకుంటే మూసేవాళ్లూ ఉన్నారు. సందు వైపు రెండు పళ్లకీ చెరికాస్త కాంపోజిట్ చేరుస్తారు. కానీ పై మధ్య పన్ను వెడల్పు పొడవులో మూడొంతులో, కాస్త ఎక్కువో ఉంటేనే కంటికి ఇంపు. పెద్ద సందుని రెండు పళ్లతోనే మూస్తే అవి పలకల్లా కనబడతాయి. అప్పుడు పక్క పళ్లకీ పంచుతారు, లేదా ముందు క్లిప్పులు వేసి సందు సర్దుతారు. పన్ను ముఖం మీద రెండు పక్కలా వెలుగు మలుపు తిరిగే గీతలుంటాయి. వాటి నడుమ మెరిసే భాగాన్నే కన్ను పన్ను వెడల్పుగా లెక్కగడుతుంది. ఆ గీతల్ని కాస్త లోపలికి జరిపి మలిస్తే వెడల్పాటి పన్ను కూడా సన్నగా కనబడుతుంది. బాండింగ్‌లో చేయి తిరిగినతనం అంటే ఎక్కువగా ఇదే.

ఫ్లోరైడ్ పన్ను చెప్పిన పాఠం

తెలుగు నేల మీద బాండింగ్‌కి ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉంది, ఫ్లోరోసిస్. మద్రాసు ప్రెసిడెన్సీలో నాటి నెల్లూరు జిల్లా ప్రాంతాల నుంచి దీని మీద వైద్య నివేదిక 1937లోనే వెలువడింది. తర్వాత నల్గొండ పేరు దీనికి మారుపేరైపోయింది. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని దేశమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బోరునీళ్లలో అంతకు ఎన్నో రెట్లున్న గ్రామాలు మర్రిగూడ, మునుగోడు వైపు ఉండేవి. నదీజలాలు కుళాయికి వచ్చాక కొత్త తరానికి ఆ బాధ తగ్గింది. కానీ పన్ను చిగురులో తయారయ్యే పసితనంలో ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్ల మీద మచ్చ జీవితాంతం ఉంటుంది.

ఎనామెల్ తయారయ్యేటప్పుడు ముందు ప్రొటీన్ల అచ్చు పడుతుంది, తర్వాత ఆ ప్రొటీన్లు తొలగి ఖనిజం నిండాలి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రొటీన్లు సరిగా తొలగవు, పైపొర కింద రంధ్రాలు మిగిలిపోతాయి. ఎనామెల్ వక్రీభవన గుణకం 1.62, నీటిది 1.33, గాలిది 1. వీటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే కాంతి అంత చెదిరి తెల్లమచ్చ అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నోరు తెరిచి నవ్వుతూ ఉంటే మచ్చ ఇంకా తెల్లబడటానికి కారణం ఇదే, రంధ్రాల్లో నీరు పోయి గాలి చేరడం. తర్వాత టీ, తిండి రంగులు ఆ రంధ్రాల్లో దిగి గోధుమ రంగు తేలుతుంది.

విచిత్రమేమిటంటే ఈ పన్ను లోపల బోలుగా ఉన్నా, పైపొరలో ఫ్లోరైడ్ ఎక్కువుండటం వల్ల ఆమ్లానికి లొంగదు. మామూలు పన్ను మీద 15 సెకన్లలో వచ్చే సుద్ద తెలుపు ఇక్కడ రాదు. తొందరపడి పైన కాంపోజిట్ వేస్తే అంచుల నుంచి లేస్తుంది. అందుకే ఆమ్లం ఎక్కువసేపు ఉంచుతారు, లేదా పైపొరని కొద్దిగా గరుకు చేసి మొదలుపెడతారు. మచ్చ పైపైనే ఉంటే కాంపోజిట్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆమ్లం, గరుకు పొడి కలిపి మెల్లగా రుద్దే మైక్రో అబ్రేషన్‌తో కొన్ని మచ్చలు పోతాయి. మరో పద్ధతిలో 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పైపొర తెరిచి, ఎనామెల్‌కి దగ్గరి వక్రీభవన గుణకం ఉన్న పలచటి రెసిన్‌ని రంధ్రాల్లోకి ఇంకిస్తారు. తేడా తగ్గేసరికి మచ్చ కళ్లముందే వెలిసిపోతుంది. ముదురు గోధుమ మచ్చలకీ, గుంతలు పడిన పళ్లకీ మాత్రం పైన కాంపోజిట్ పొర తప్పదు. ఎప్పుడైనా వరస ఒకటే, పన్నుని తక్కువ ముట్టుకునేది ముందు, ఎక్కువ ముట్టుకునేది తర్వాత.

ఎన్నాళ్లు నిలుస్తుంది?

ముందు పన్ను బాండింగ్ సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు బాగుంటుంది, జాగ్రత్తగా వాడుకునేవాళ్లకి ఇంకా ఎక్కువ. ఎనామెల్ మీద నిలిచిన పట్టు చాలాకాలం చెక్కు చెదరదు. డెంటిన్ మీద అంత భరోసా ఉండదు. అక్కడ ఆమ్లం ఖనిజాన్ని తీసేశాక కొల్లాజెన్ పోగుల వల మిగులుతుంది, రెసిన్ వాటిలోకి దిగి కలగలిసిన పొర కడుతుంది. ఆ పొరని 1982లో జపాన్ శాస్త్రవేత్త నకబయాషి వర్ణించాడు. కానీ ఆ పోగులు మరీ ఆరితే కుప్పకూలుతాయి, తడి ఎక్కువైతే రెసిన్ దిగదు. ఏళ్లు గడిచేకొద్దీ పన్నులోని ఎంజైములే వాటిని కొరుక్కుతింటాయి. కాబట్టి అతుకు చుట్టూ ఎంత ఎనామెల్ మిగిలి ఉంటే బాండింగ్‌కి అంత ఆయుష్షు.

పాడయ్యే తీరు కూడా తెలిసిందే. అంచు చిట్లుతుంది, మెరుపు తగ్గుతుంది, రంగు పడుతుంది. కాఫీ, టీ, కిళ్లీ, గుట్కా, సిగరెట్‌లు అందులో ముందుంటాయి, మన వంటింటి పసుపూ తక్కువ తినలేదు. ముద్ద గట్టిపడటం ఆ రోజంతా కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది కనక మొదటి ఒకటి రెండు రోజులు ముదురు రంగు పదార్థాలు తగ్గిస్తే మంచిది. బొగ్గు, ఉప్పు, కచ్చిక, గరుకు పళ్లపొడులతో తోమితే పాలిష్ పోయి ఆ గరుకులో రంగు చేరుతుంది. మెత్తటి బ్రష్, మామూలు పేస్టు చాలు. చెరుకుగడ చీల్చడం, మొక్కజొన్న పొత్తు, జామకాయ ముందు పళ్లతో కొరకడం, సీసా మూత తీయడం, గోళ్లు కొరకడం మానుకోవాలి. చెరుకు, జామ ముక్కలు చేసుకుని దవడపళ్లతో తినొచ్చు. రాత్రుళ్లు పళ్లు నూరే అలవాటుంటే ముందు దాని సంగతి చూడాలి. చిగుళ్లు వాచి, రక్తం కారుతున్నా అంతే. ఆ తడిలో బాండింగ్ నిలవదు.

పళ్లు తెల్లబరుచుకోవాలనుకునేవాళ్లు ఆ పని ముందే చేయించుకోవాలి. బ్లీచింగ్ మందు పన్ను రంగుని మార్చగలదు, కాంపోజిట్ రంగుని మార్చలేదు. బ్లీచింగ్ అయిన వెంటనే బాండింగ్ కూడా పెట్టకూడదు. పెరాక్సైడ్ వదిలిన ఆక్సిజన్ పన్నులో ఉన్నంతకాలం రెసిన్ సరిగా గట్టిపడదు, ఒకటి రెండు వారాలు ఆగాలి. లవంగ నూనెలోని యూజినాల్‌కీ ఇదే గుణముంది. అందుకే అది కలిసిన తాత్కాలిక సిమెంటు పెట్టిన పన్నుని బాండింగ్‌కి ముందు శుభ్రంగా తుడుస్తారు.

తీసేది, చేర్చేది

ఇన్ని లోపాలున్న పద్ధతిని ఎందుకు ఎంచుకోవాలి? పింగాణీ వెనీర్ రంగు పట్టదు, ఎక్కువకాలం మెరుస్తుంది. క్యాప్ ఇంకా గట్టిది. కానీ వాటి ఖరీదు డబ్బులో మాత్రమే లెక్కపెడితే అసలు ఖర్చు తెలియదు. 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అనే పరిశోధకులు ముందు పళ్ల మీద ఒక్కో చికిత్సకి ఎంత పన్ను అరగదీయాల్సి వస్తోందో తూచి చూశారు. వెనీర్‌ల రకాన్ని బట్టి చిగురు బయటున్న పన్నులో 3 నుంచి 30 శాతం పోతోంది. పూర్తి క్యాప్‌కి 63 నుంచి 72 శాతం. సందు మూయడానికీ, మూల కట్టడానికీ చేసే బాండింగ్‌లో అరగదీసేది చాలాసార్లు సున్నా, లేదా అంచున ఆ కొద్దిపాటి ఏటవాలు.

క్యాప్, వెనీర్ అవసరమే లేదని దీని అర్థం కాదు. రూట్ కెనాల్ చేసి సగానికి పైగా విరిగిన పన్నుకి క్యాప్ కావాలి. బాగా నల్లబడిన పన్నుని పలచటి కాంపోజిట్‌తో కప్పడం కష్టం. గట్టి కాటున్న నోట్లో పింగాణీ మేలు కావచ్చు. కానీ ఒక బుల్లి సందుకో, చిన్న పెచ్చుకో ఆరు ఆరోగ్యమైన పళ్లు అరగదీయించుకోవాలని ఎవరైనా చెబితే అక్కడ ఆగాలి. "నా పన్నులో ఎంత తీస్తారు? డెంటిన్ దాకా వెళ్తుందా? తర్వాత నచ్చకపోతే వెనక్కి తీయొచ్చా?" అని అడగడంలో తప్పులేదు. మంచి డెంటిస్టుకి ఈ ప్రశ్నలు కొత్త కాదు. ఖర్చుకి వెనకాడేవాళ్లకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. అక్కడా ఇదే పని చేస్తారు.

పద్దెనిమిదేళ్ల వయసులో బాండింగ్ చేయించుకున్నవాళ్లు పదేళ్లకోసారి దాన్ని తీసేసి మళ్లీ కట్టించుకోవచ్చు, నలభై ఏళ్లకి వెనీర్‌కి మారొచ్చు, అరవైలో అవసరమైతే క్యాప్ పెట్టించుకోవచ్చు. అదే పద్దెనిమిదేళ్లకి క్యాప్‌తో మొదలుపెట్టినవాళ్లు వెనక్కి రాలేరు, వాళ్ల దారి ఇక పెద్ద చికిత్సల వైపే సాగుతుంది. కాంపోజిట్ ట్యూబు ఏ డెంటల్ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఎనామెల్ దొరికే దుకాణం ఇంకా ఎక్కడా తెరవలేదు. బాండింగ్ చేయించుకునేటప్పుడు బేరం ఆడాల్సింది దాని మీదే.